అంగుళంలో ఎన్ని పోగులు?

ఫోటో అంటే మనిషి మొహం అని మనలో చాలామంది అభిప్రాయం. పెండ్లిపీటల మీద వధూవరుల మొహాలు, బడి ముందు వరసగా నిలబెట్టిన పిల్లల మొహాలు, చివరికి దండ వేసి గోడకు తగిలించిన మొహం. వీటికోసం తగినంత దూరంలో నిలబడి మీట నొక్కితే చాలు, యే లెన్సయినా పని జరిపిస్తుంది. చిక్కంతా దగ్గరికి జరిగినప్పుడే వస్తుంది. గోరంత వస్తువును కొండంత చేసి, అందులో నూలుపోగు నూలుపోగుగా కనిపించాలంటే మాత్రం మంచి మంచి కెమెరాలు కూడా నీళ్ళు నములుతాయి. నాకు యీ విద్యతో పని పడింది ఒక చీర వల్ల.

మాది కొత్తకోట. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే పెద్దరోడ్డు మీద వస్తుంది. మొదట మహబూబ్‌నగరు జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవారికి మా వూరంటే నాలుగు హోటళ్ళూ, నాలుగు టైర్ల దుకాణాలూను. సందుల్లోకి వస్తే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. గద్వాల చీరలని పేరుపడ్డవన్నీ గద్వాలలోనే నేసినవి కావు సుమండీ! చుట్టుపక్కల వూళ్ళలో నేస్తారు, మా వూళ్ళోనూ నేస్తారు.

ఆ చీర గొప్పతనం దాని అంచు దగ్గర వున్నది. వొళ్ళంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. నూలు పేకకు ఒక నాడె, అంచుల పట్టు పేకకు వేరే నాడెలు. నూలు పేక అంచు దాకా వచ్చి, అక్కడ పట్టు పేకతో చేయి కలిపి, వచ్చిన దారినే వెనక్కి తిరిగిపోతుంది. పట్టు పేకా అంతే. రెండూ ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి గాని, ఒకరి యింట్లోకి ఒకరు పోవు. దీన్నే కుప్పడం అంటారు. సూదీ లేదు, కుట్టూ లేదు. అయినా పట్టి లాగితే బట్ట చిరుగుతుందేమో గాని ఆ అతుకు వూడదు.

మా అమ్మ పెండ్లిచీర అటువంటిదే. తెల్లని నూలు, కుంకుమరంగు పట్టు అంచు, అంచు వెంబడి కోటకొమ్మ, అంటే కోటగోడ మీది బురుజుల్లాంటి మొనలు. మా అమ్మ దాన్ని యేడాదికి ఒకసారి కట్టుకునేది. మిగతా రోజులన్నీ పెట్టెలో, వేపాకుల మధ్య. ఆమె పోయిన తర్వాత పెట్టె తెరిచి చూస్తే మడత మడతకూ పట్టు చిట్లి వున్నది. మా అమ్మాయికి వచ్చే మాఘంలో పెండ్లి. “నానమ్మ అంచు కావాలి నాన్నా,” అన్నది. రెండు పెద్ద దుకాణాలవాళ్ళు “అచ్చం ఇదేనండీ” అని తెచ్చి చూపారు. అవి అచ్చం అది కావు. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు.

మా వెనక వీధిలో ఒక పెద్దయ్య వున్నాడు. డెబ్బయి అయిదు దాటాయి. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది తీయవలసి వున్నది. ఇప్పుడు మగ్గం మీద కూర్చునేది కొడుకు. చీర తీసుకుపోయి మంచం మీద పరిస్తే, పెద్దయ్య అంచు మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు. వేలి కింద పట్టు పిండి రాలింది.

“సారూ, దీన్ని ముట్టుకుంటే పొడి అయితది,” అన్నాడు. “ముట్టకుండ సూసే ఉపాయముంటే సెప్పు. అంగుళంల పోగులెన్నున్నయి, కొమ్మ కాడ ఏ పోగు లేసింది, ఏ పోగు పండుకున్నది, నాకు కానొస్తే నేపిస్త. కానరాకుంటే మాత్రం నాతోని కాదు.”

కొడుకు కండ్లు మంచివే. పోగులు లెక్కపెట్టగలడు. కాని అటువంటి అంచు నేసిన చేతులు తండ్రివి. ఆ కొమ్మ యెట్లా పుట్టి యెట్లా ముగుస్తుందో కొడుకుకు తెలియదు. తెలిసినవాడికి కనిపించదు, కనిపించేవాడికి తెలియదు. మధ్యలో నేనూ, నేను ఉద్యోగం విరమించిన రోజున కొనుక్కున్న కెమెరా.

పెద్దయ్య దగ్గర ఒక చిన్న ఇత్తడి సామాను వున్నది. మూడు రేకులుగా మడుచుకుంటుంది. విప్పి బట్ట మీద నిలబెడితే పైరేకులో భూతద్దం, కిందిరేకులో సరిగ్గా అంగుళం చదరపు కిటికీ. బట్టల వ్యాపారులు పోగులు లెక్కపెట్టడానికి వాడే అద్దం ఇది. దీని వంశం చిన్నది కాదు. మూడు వందల యాభై యేళ్ళ కిందట హాలెండు దేశంలో, డెల్ఫ్ట్ పట్టణంలో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి వుండేవాడు. చిన్నతనంలో అతను పనిచేసింది బట్టల కొట్టులోనే. భూతద్దాలతో మొదలుపెట్టి, చిన్న గాజుపూసలను తానే అరగదీసుకుని, వస్తువును రెండు వందల రెట్లకు పైగా పెంచి చూపే అద్దాలు చేసుకున్నాడు. 1673 నుంచి లండనులోని రాయల్ సొసైటీకి వుత్తరాలు రాశాడు, చెరువునీటి బొట్టులో కదిలే జీవులను చూశాడు. సూక్ష్మజీవుల శాస్త్రం అంతా ఒక బట్టల వ్యాపారి చూపులోంచి మొదలయిందన్నమాట!

ఇక లెన్సుల సంగతికి వస్తాను.

ముందుగా ఒక హెచ్చరిక. దుకాణంలో లెన్సు మీద ‘మాక్రో’ అని రాసి వున్నంత మాత్రాన నమ్మకండి. కొంచెం దగ్గరగా తీయగలిగిన ప్రతి లెన్సుకూ యీ బిరుదు తగిలిస్తున్నారు. అసలు కొలత ఒకటే. వస్తువు ఎంత వున్నదో, కెమెరా లోపల పడే బొమ్మ కూడా అంతే వుండాలి. దీన్నే 1:1 అంటారు. పావు వంతుకే ఆగిపోయే లెన్సులకు కూడా మాక్రో ముద్ర వుంటుంది. నా కెమెరాలో బొమ్మ పడే పలక 23.5 మిల్లీమీటర్ల వెడల్పు. కనుక 1:1 లో తీస్తే బట్ట మీద అంతే వెడల్పు ఫోటో నిండా వస్తుంది. అంటే రమారమి అంగుళం. పెద్దయ్య ఇత్తడి కిటికీ కంటె ఒక్క పిసరు తక్కువ! ఆ పలక మీద అడ్డంగా 6,000 చుక్కలు వున్నాయి. 80వ నంబరు నూలు ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతు లావుంటుంది. అంటే ఒక్కొక్క పోగుకు పాతిక చుక్కలు. లెన్సు మాట తప్పకుంటే పోగు మెలిక కూడా కనిపించాలి.

మొదట మా అమ్మాయి తన ఫోనుతో తీసింది. ఫోనును బట్టకు అంగుళం దూరంలో పెడితే గాని మాక్రో పనిచేయదు. అంత దగ్గర పెడితే ఫోను నీడే బట్ట మీద పడుతుంది. పెళుసుబారిన చీర మీద ఫోను తగిలితే ఏమవుతుందోనని మా ఆవిడ పక్కన నిలబడి రెండు చేతులూ చాచింది. ఆ ప్రయత్నం అక్కడితో సరి.

తర్వాత మామూలు లెన్సుకు ముందు బిగించే క్లోజప్ అద్దం. ఇది చవక. కండ్లజోడు లాంటిదే; దగ్గరి చూపు లేని లెన్సుకు దగ్గరి చూపు వస్తుంది. ఫోటో నడిమధ్యన బాగానే వుంటుంది. మూలలకు పోయేకొద్దీ పోగులు కరిగి, ప్రతి పోగుకూ ఒక పక్క ఎర్ర గీత, ఒక పక్క నీలి గీత పుట్టుకొస్తాయి. ఒంటి గాజుతో చేసినదానికి యీ జబ్బు తప్పదు. రెండు రకాల గాజులు అతికించి చేసిన క్లోజప్ అద్దాలున్నాయి, అవి చాలావరకు నయం. వేసవి సెలవుల్లో పిల్లలకు సరదాగా కొనిపెట్టాలనుకునేవారు ఆ రెండో రకం కొనండి, డబ్బు వృథా కాదు.

ఆ క్లోజప్ బొమ్మనే మొదట పెద్దయ్యకు చూపించాను. వాళ్ళింట్లో పెద్ద టీవీ వున్నది. మనుమడు తీగ తగిలించి బొమ్మ వేశాడు. పెద్దయ్య చేతిలో కండె పుల్ల పట్టుకుని, కుర్చీ టీవీకి జానెడు దూరంలోకి లాక్కున్నాడు.

“టీవీ ముట్టకు తాతా!” అన్నాడు మనుమడు.

“ముట్టనులేరా,” అంటూనే పుల్లతో లెక్క మొదలుపెట్టాడు. నూలు నుంచి అంచుకు వచ్చే చోట ఆగాడు. “ఈడ నాలుగు దొడ్డు పోగులు కానొస్తున్నయి. ఇంత దొడ్డు నూలు మా కాలంల ఎవరూ ఏయలేదు సారూ. బొమ్మల ఏదో లోపమున్నది.”

ఆయన మాట మీద నమ్మకంతోనే నేను హైదరాబాదు పోయి, అద్దెకిచ్చే దుకాణంలో మూడు రోజులకు రెండు లెన్సులు తెచ్చాను. ఒకటి 60 మిల్లీమీటర్ల మాక్రో, ఒకటి 105. ఒక స్నేహితుడి బీరువాలోంచి ఇంకో రెండు సామానులు కూడా వచ్చాయి: ఒక పాత 50 మిల్లీమీటర్ల లెన్సు, దానికి బోలు గొట్టాలు, ఇంకా 55 మిల్లీమీటర్ల పాత మైక్రో నిక్కోర్.

పరీక్ష అన్నాక అందరికీ ఒకటే ప్రశ్నపత్రం వుండాలి గదా! ఒకే బట్ట, ఒకే దీపం, కాళ్ళపీట మీద కెమెరా, రంధ్రం ఎఫ్ 8. మీట నొక్కాక రెండు సెకన్లు ఆగి తీసే ఏర్పాటు. బట్టకు కెమెరా సమంగా చూస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక సుళువు వున్నది. బట్ట మీద చిన్న అద్దం పరిచి కెమెరాలోంచి చూడండి. అద్దంలో లెన్సు నోరు సరిగ్గా నడిమధ్య కనిపిస్తే సమంగా వున్నట్టు. ఇంత తంటా ఎందుకంటే, 1:1 లో ఎఫ్ 8 దగ్గర స్పష్టంగా వుండే మందం ముప్పాతిక మిల్లీమీటరుకు కూడా లోపే. కెమెరా కాస్త వాలితే ఒక అంచు చక్కగా, ఇంకో అంచు మబ్బుగా వస్తుంది. మనం లెన్సును తిట్టుకుంటాం. ఫ్యాను ఆపాలి. పాలమూరు జిల్లాలో జూను మొదట్లో ఫ్యాను ఆపి తలుపులు మూసుకోవడమంటే ఏమిటో యీ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. వీధిలో ట్రాక్టరు పోతే మళ్ళీ తీయాలి. పరీక్షకు మా ఆవిడ కొత్త గద్వాల చీర యిచ్చింది. “ఇది నాశనమయితే ఇంకొకటి,” అన్న షరతు మీద.

పాత 50 లెన్సును తిరగేసి, వెనక భాగం బట్ట వైపు వుండేట్టు బిగించవచ్చు. దీనికో చిన్న ఉంగరం చాలు. తిరగేస్తే యించుమించు 1:1 వస్తుంది. నడిమధ్య పదును చూసి ఆశ్చర్యపోయాను. ఇంత చవకలో ఇంత పదును మరొకటి లేదు. కాని లెన్సు వీపు బయట పెట్టుకుని పనిచేయడం, దుమ్ము పడకుండా చూసుకోవడం కొంచెం ఓపికగల వ్యవహారం. ఇక బోలు గొట్టాలు. వాటిలో గాజు వుండదు, ఉత్త గాలి. లెన్సును కెమెరాకు దూరంగా జరపడమే వాటి పని. 50 లెన్సుకు 1:1 కావాలంటే 50 మిల్లీమీటర్ల గొట్టం పెట్టాలి. వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అంతకన్న ముఖ్యమైన సంగతి, మామూలు లెన్సు దగ్గరికి వస్తే చూసే తలం చదునుగా వుండదు, గిన్నెలాగ వంగుతుంది. పువ్వును తీస్తే యీ లోపం ఎవరికీ తెలియదు. పరిచిన బట్ట మీద దొరికిపోతుంది. మధ్య పోగులు పలుకుతాయి, మూల పోగులు నసుగుతాయి.

55 మైక్రో నిక్కోర్ పుట్టుకే వేరు. 1955లో కిల్‌ఫిట్ అనే జర్మను ఆయన మాక్రో కిలార్ అని చిన్న కెమెరాలకు తగిన మాక్రో లెన్సు తెచ్చాడు. ఆ మరుసటి యేడు 1956లో జపానులో మొదటి మైక్రో నిక్కోర్ వచ్చింది. దాన్ని పువ్వుల కోసమో పురుగుల కోసమో చేయలేదు. పుస్తకాలను, కాగితాలను మైక్రోఫిల్ము మీదికి ఎక్కించడానికి చేశారు. జపాను వాళ్ళ చిత్రాక్షరాలలో ఒక్కొక్క దానికి పది, ఇరవై గీతలు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే లెన్సు వాటికి సరిపోదు. మన వొత్తులూ గుణింతాలూ చిన్న అచ్చులో అలుక్కుపోవడం చూసినవారికి వాళ్ళ బాధ అర్థమవుతుంది. కాగితం చదును, బట్టా చదును. అందుకే ఆ వంశపు లెన్సు బట్ట మీద నాలుగు మూలలా ఒకే తీరుగా గీసింది. ఒంటరిగా అది సగం కొలతకే, అంటే 1:2 కే వస్తుంది. పూర్తి కొలతకు దాని జత గొట్టం తగిలించాలి. ఫోకసు చేత్తో తిప్పుకోవాలి. తిప్పితే ఏం? యీ పనిలో ఫోకసు కెమెరాకు వదిలేస్తే అది అంచుకూ నూలుకూ మధ్య ముందుకూ వెనక్కూ తచ్చాడుతుంది.

60, 105 లెన్సుల బొమ్మలను పక్కపక్కన పెట్టి, పేర్లు చెప్పకుండా యింట్లో అందరికీ చూపించాను. ఏది దేనిదో ఒక్కరూ చెప్పలేకపోయారు. ధరలో వున్నంత తేడా పదునులో లేదు. తేడా అంతా జాగాలో వున్నది. 1:1 లో 60 లెన్సు నోటికీ బట్టకూ మధ్య రెండంగుళాలు మిగులుతుంది. 105 కు ఆరంగుళాల దాకా మిగులుతుంది. పోగు గుండ్రంగా తేలాలంటే వెలుగు ఏటవాలుగా పక్కనుంచి రావాలి. పాత అంచులోని జరీ దీపానికి భగ్గున మెరిసి పోగులను మింగేస్తుంది. దాన్ని శాంతింపజేయడానికి దీపానికీ బట్టకూ మధ్య నూనెకాగితం నిలబెట్టాలి. రెండంగుళాల సందులో యీ సంసారమంతా యెక్కడ పెట్టేది?

రంధ్రం మూసేకొద్దీ పదును పెరుగుతుందని కొందరు ఎఫ్ 22 దాకా పోతారు. మందం పెరిగే మాట నిజమే. కాని సన్నని సందులోంచి దూరే వెలుగు అంచులను రాసుకుని చెదురుతుంది. పైగా 1:1 లో ఎఫ్ 22 అని రాసి వున్నది నిజానికి ఎఫ్ 44 లాగా పనిచేస్తుంది. అందువల్ల పోగులన్నీ సమానంగా మెత్తబడతాయి. చదునైన బట్టకు ఎఫ్ 8 ముద్దు. గుండ్రటి వస్తువయితే ఎఫ్ 11 దాకా పోవచ్చు.

గుండ్రటి వస్తువు కూడా దొరికింది. లెన్సులు అద్దెకు తెచ్చిన రెండో రోజు రాత్రి వాన కురిసింది. తెల్లవారి సరళాసాగరం వైపు పోతే ఎర్రమట్టిలో ఆరుద్ర పురుగులు. మఖమలు గుడ్డ ముక్కల్లాగ నడుస్తున్నాయి. ఎనిమిది కాళ్ళుంటాయి కనుక శాస్త్రజ్ఞులు దాన్ని సాలీడు బంధువుల్లో చేర్చారు. 60 లెన్సుతో దగ్గరికి పోతే, లెన్సు నీడ పడగానే కాళ్ళు ముడుచుకుని కదలకుండా వుండిపోయింది. 105 తో దూరంగా బోర్లా పడుకుంటే తన దారిన తాను నడిచింది. వొంటిమీది నూగు వెంట్రుక వెంట్రుకగా వచ్చింది. బురద బట్టలతో యింటికి వస్తే మా ఆవిడ ఏమన్నదో రాయను.

మూడో రోజు అమ్మ చీర తీశాను. 105 లెన్సు, ఎఫ్ 8, ఎడమ పక్కన దీపం, నూనెకాగితం. పక్కనే కాగితం మీద గీసిన అంగుళం కొలత. అంచు వెంబడి కొంచెం కొంచెం జరుగుతూ ఒక కొమ్మ మొదలు నుంచి తర్వాతి కొమ్మ మొదలు దాకా తీశాను. చీరను జరపలేదు, కెమెరానే జరిపాను.

ఆ సాయంత్రం పెద్దయ్య మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాడు. దొడ్డు పోగుల దగ్గర కండె పుల్ల ఆగింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొడుకును పిలిచాడు.

“ఒరే, ఇటు రా. దొడ్డు పోగు కాదురా ఇది. జంట పోగు. రెండు సన్న పోగులు ఒక్క కంట్లకెల్లి తెచ్చిండ్రు. నాలుగు జంటలు. అందుకే అంచు కాడ నూలు తెగలేదు. నేను కూడా మరిసిపోయిన.”

బొమ్మలో ఆ రెండు పోగులూ రెండుగానే వున్నాయి. మధ్య వెంట్రుకవాసి చీకటి గీత. క్లోజప్ అద్దం ఆ గీతను పూడ్చేసింది, 105 పూడ్చలేదు. కొడుకు కాగితం తీసుకుని రాసుకున్నాడు. అంగుళానికి 84 పోగులు, అంచు పక్క నాలుగు జంటలు, కొమ్మకు ఎన్ని పేకలో, ఏ పోగు లేవాలో.

“వెనక దిక్కు సూపియ్యి సారూ,” అన్నాడు పెద్దయ్య. “కుప్పడం యెట్ల తిరిగిందో వెనక దిక్కే తెలుస్తది.”

పెళుసు చీరను తిరగేయడం యెట్లా? దీనికి పుస్తకాలలో జవాబు లేదు. మా ఆవిడ రెండు పెద్ద అట్టలు తెచ్చి, మల్లు గుడ్డ పరిచి, చీర అంచును రెండింటి మధ్యనా పెట్టి, జొన్నరొట్టెను తిరగేసినట్టు ఒక్క కదలికలో తిరగేసింది. పట్టు పిండి రాలలేదు. లెన్సులు మర్నాడు పొద్దున బస్సులో తిరిగి పోవాలి గనక ఆ రాత్రే తీసేశాను. నూలు పేకా పట్టు పేకా ఒకదాని మెడలో ఒకటి చేయి వేసుకున్న ముడులు వరసగా, చింతగింజలు పేర్చినట్టు వచ్చాయి.

నేను చివరికి ఏ లెన్సు కొన్నానని అడుగుతారేమో. స్నేహితుడి 55 నిక్కోర్ నన్ను వదలలేదు. అతనికీ దాని అవసరం లేదు. నా పని బట్టలతో, పాత కాగితాలతో. వాటికి అది చాలు. పురుగుల పిచ్చి వున్నవారు మాత్రం 100, 105 వైపే పోవాలి, మధ్యలో ఆగకండి.

శ్రావణంలో మగ్గానికి పడుగు ఎక్కించారు. మొదటి జానెడు నేసిన రోజు కొడుకు కబురు పంపాడు. పోయి చూస్తే, మగ్గం గుంటలో అతను, గట్టు మీద పెద్దయ్య, పెద్దయ్య వొడిలో మనుమడి ఫోను, ఫోనులో నేను తీసిన కొమ్మ బొమ్మ.

“మంచిగ కుదిరింది సారూ. ఇగ కొంగు అతుకు కాడ ఎట్లున్నదో ఒక్క బొమ్మ తీసుకరా,” అన్నాడు. “ఎల్లుండికి గావాలె.”